కళ్ళు మూసుకుని కొనచ్చు

సెప్టెంబరు 9, మంగళవారం

వదిన ఆఫీసుకి ఫోన్ చేసింది. డిస్కు కంప్యూటరులో కనపడటం లేదట. కేబుల్ మార్చి చూడమన్నాను. మార్చిందట. ఇంకో కేబుల్ పెట్టి చూడమన్నాను. రేపు పొద్దున్న నేనే వెళ్ళి చూడాలి.

ఆ డిస్కుకి ఏమీ అయి ఉండదు. నేను స్వయంగా పదకొండు రోజులు పరీక్షించి పదికి తొమ్మిది పాయింట్ రెండు ఇచ్చిన డిస్కు అది. ఈ ఏడాది మా సైటులో అంత మార్కు ఇంకే వస్తువుకీ రాలేదు.

ఇవాళ ఒక కీబోర్డు చూశాను. 6.1. చప్పుడెక్కువ. కంపెనీవాళ్ళు పెట్టెలో పెట్టి పంపిన ఉత్తరం నిండా నా మీద పొగడ్తలే. పొగడ్తలకి మా దగ్గర గడి లేదు.

సెప్టెంబరు 10

జరిగింది జరిగినట్టు రాస్తాను. అంతకు మించి చేతకావడం లేదు.

వదిన భోజనాల బల్ల మీద తువాలు మడతపెట్టి, దాని మీద డిస్కు ఉంచింది. అరచేతిలో పట్టే నల్లడబ్బా. కంప్యూటరుకి తగిలించాను. నీలం దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టిక్కు టిక్కుమంటోంది. ఈ ఉద్యోగంలో ఆ చప్పుడు ఇంతకు ముందు మూడుసార్లు విన్నాను. ఒక్కసారీ అందులోంచి ఏమీ తిరిగి రాలేదు.

అన్నయ్య ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తున్నాడు. మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి పలకలాంటి చిన్న అట్ట ఒకటి పెట్టుకున్నాడు. దాని మీద రాసి చూపించాడు: ఏమంటోంది?

అందులో ఉన్నది అన్నయ్య గొంతు. ఇరవై ఆరున ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారు. జూన్‌లో జబ్బు బయటపడగానే ఆస్పత్రిలో మాటలు నేర్పే మేడమ్ పన్నెండు వందల వాక్యాల జాబితా ఇచ్చింది. అవన్నీ చదివి రికార్డు చేసి ఇస్తే, ఒక కంపెనీవాళ్ళు వాటిలోంచి గొంతు తయారుచేస్తారట. ఆ తర్వాత ఆయన ట్యాబ్‌లో టైపు చేస్తే అది ఆయన గొంతుతోనే పలుకుతుంది. వెనకగదిలో ఫ్యాను ఆపేసి, కిటికీలకి దుప్పట్లు కట్టి, రోజుకి అరవై వాక్యాల చొప్పున చదివాడు. వెయ్యిన్నీ నూట నలభై అయ్యాయి. ఈలోగా రేడియేషన్ మొదలై గొంతు పుండైంది, అరవై మిగిలిపోయాయి. అన్నీ కలిపి ఒకేసారి పంపమన్నారని వదిన ఆగింది. రేడియేషన్ వల్ల లాభం లేకపోయింది. ఇప్పుడు అన్నయ్య నోరు తెరిస్తే గాలి వస్తుంది, మాట రాదు.

"ల్యాప్‌టాప్‌లో ఉంటాయిగా వదినా" అన్నాను.

"లేవు. నిండిపోయిందని అందులోవి తీసేశాను."

"తీసేశావా? ఎందుకు తీసేశావు?"

"నువ్వే రాశావుగా."

నా రివ్యూ అచ్చు తీయించి పెట్టుకుంది. నాలుగు కాగితాలు, మూలకి పిన్ను, పెన్సిలుతో గీతలు. వదిన మందుల షాపులో పనిచేస్తుంది. పెట్టెలో ఉన్న కాగితం మొత్తం చదవకుండా దగ్గుమందు సీసా కూడా ఎవరి చేతిలోనూ పెట్టదు. చివరి పేజీలో గీత గీసిన చోటు చూపించింది. 'రెండో కాపీ గురించి బెంగ అక్కర్లేదు. ఒకే చోట దాచుకుని నిశ్చింతగా ఉండగలిగిన డిస్కు ఇది.' దాని కింద మా ఎర్రముద్ర: కళ్ళు మూసుకుని కొనచ్చు.

ఆ వాక్యం ఎలా రాశానో గుర్తుంది. పేరా చటుక్కున తెగిపోయినట్టుందని, నిండుగా ఉంటుందని చేర్చాను.

సెప్టెంబరు 11

పోయిన సమాచారం తిరిగి తీసే షాపులో ఇచ్చాను. వారం అడిగాడు. 

వెయ్యింటిలో ఒకటి పోతుంది. ఆ ఒక్కటి మా ఇంటికే వచ్చింది. అంతే జరిగింది.

సెప్టెంబరు 12

మనసు కుదుట పడటానికి మా పద్ధతి మొత్తం మరోసారి రాసుకుంటున్నాను.

ఏ వస్తువు వచ్చినా ఐదు గడులు. వేగం, వేడి, చప్పుడు, కట్టుబడి, ధర. ఒక్కో గడికి పది మార్కులు, అన్నీ కలిపి ఐదుతో భాగిస్తాం. తొమ్మిది దాటితే ఎర్రముద్ర. ప్రతి పరీక్షా మూడుసార్లు చేస్తాం. మూడింటిలో ఒకటి మిగతావాటికి దూరంగా వస్తే, అది మన చేతి పొరపాటు కింద వదిలేసి, దగ్గరగా ఉన్న రెండూ తీసుకుంటాం. ఈ నియమం పెట్టింది నేనే. సైటులో 'మేం ఎలా పరీక్షిస్తాం' అన్న పేజీ రాసిందీ నేనే. కాలేజీల్లో చదువు చెప్పేవాళ్ళు కూడా మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. కంపెనీలు పెట్టే విందులకి వెళ్ళను. పంపిన వస్తువు వాడుకోకుండా తిరిగి ఇచ్చేస్తాను. మా లింకు నొక్కి కొంటే సైటుకి కొంత వస్తుంది, నిజమే, కానీ ఆ లెక్క నేను ఎప్పుడూ చూడలేదు. ఇంతకంటే నిక్కచ్చిగా ఎవడుంటాడు?

ఆ డిస్కు పరీక్షలు నోటుబుక్కులో ఉన్నాయి. నోటుబుక్కు ఆఫీసు బీరువాలో ఉంది. తీసి చూడాల్సిన పని లేదు, నాకన్నీ గుర్తున్నాయి.

ఆస్పత్రి వరండాలో కుర్చీ: పదికి మూడు. నడుం పట్టేసింది.

సెప్టెంబరు 13

నోటుబుక్కు తీయలేదు. పని ఎక్కువగా ఉంది.

సెప్టెంబరు 15, సోమవారం

తీశాను.

పరీక్షలబల్ల దగ్గర ఎవరూ లేరు. ఏప్రిల్ పేజీలు. 'రాసి చదవడం, ఆరుగంటలు ఏకబిగిన.' మొదటిసారి, బాగుంది. రెండోసారి, బాగుంది. మూడోసారి దగ్గర నా అక్షరాలే: 'నాలుగో గంటలో డిస్కు మాయం. తీసి పెడితే వచ్చింది. లోపల కొన్ని ఫైళ్ళు లేవు. కేబులా?' దాని మీద స్కేలు పెట్టి నీటుగా అడ్డగీత కొట్టి, పక్కన 'దూరం, వదిలేయాలి' అని రాసుకున్నాను.

పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను, వేరే డిస్కుది అవుతుందేమోనని. వేరే డిస్కుది కాదు.

వేగం కొలిచేటప్పుడు ఆ నియమం సరైనదే. ఒకసారి నూరు, ఒకసారి నూటొకటి, ఒకసారి అరవై వస్తే అరవైని పక్కన పెట్టడం న్యాయం. కానీ ఇది వేగం కాదు. దాచమని ఇచ్చినవి పోయాయి. దాచడమే పనిగా పుట్టిన వస్తువు దాచలేకపోయింది, మూడింటిలో ఒకసారి. నేను దాన్ని దూరంగా వచ్చిన అంకె కింద కొట్టేశాను. కేబుల్ నిజంగా పోయిందా అని ఇంకోటి పెట్టి కూడా చూడలేదు. అలా చూసినట్టు ఎక్కడా రాసి లేదు.

వెయ్యింటిలో ఒకటి అని నాలుగు రోజుల కింద ఈ డైరీలోనే రాసుకున్నాను. మూడింటిలో ఒకటి.

సెప్టెంబరు 16

ఎడిటరుకి చెప్పాను. ఆయన గదిలో బల్ల మీద నోటుబుక్కు తెరిచి పెట్టాను.

"ఇచ్చిన మార్కు మార్చం" అన్నాడు. "అది నీకూ తెలుసు. ఒకసారి మార్చామంటే రేపు ప్రతి కంపెనీవాడూ నాది కూడా మార్చమని వచ్చి కూర్చుంటాడు. ఈ రూలు పెట్టమని నా ప్రాణం తీసింది నువ్వే కదయ్యా."

"ఆ రూలు పెట్టింది మార్కు పెంచమని వచ్చేవాళ్ళ కోసం సార్."

"ఏదైనా రూలు రూలే. ఆ కంపెనీ నుంచి కొత్త రకం వస్తోంది. అప్పుడు కొత్త రివ్యూలో ఒక లైను ఇరికిద్దాం. పాతదానిలో అప్పుడప్పుడూ కాస్త ఇబ్బంది ఉండేదని."

"జనం ఇవాళ కూడా కొంటున్నారు సార్. మొదటి పేజీలో ఉంది."

"ఒక్క వస్తువు పాడైతే కొంప మునిగిపోయినట్టు మాట్లాడతావేంటి? ఎవడిదైనా పాడవుతుంది. అంతగా భయపడాల్సిన డబ్బా కాదది. మన సైటు పాత పేజీలూ, ఫొటోలూ, పదేళ్ళవి అన్నీ మనం దేంట్లో దాచాం? దాంట్లోనే కదా." ఆ మాట అంటూనే ఆగిపోయాడు.

తర్వాత ఆయన ఫోను తీసి, ఇంకో కంపెనీవి రెండు డిస్కులు ఇవాళే తెప్పించమని ఎవరికో చెప్పాడు. ఒకటి కాదు, రెండు. ఫోను పెట్టేసి నాతో, "రివ్యూ సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. నవ్వుతున్నానని తెలిసేసరికి భయం వేసింది.

సెప్టెంబరు 18

షాపాయన పిలిచాడు. లాభం లేదట. లోపల తిరిగే పళ్ళేల మీద చదివే ముల్లు రాసుకుపోయి, ఉంగరంలా చుట్టూ గీత పడింది. భూతద్దంలో చూపించాడు. ఆ గీత మీదే ఉండి ఉంటాడు అన్నయ్య.

"వేరే ఎక్కడికైనా తీసుకెళ్ళమంటారా?" అని అడిగాను.

"తీసుకెళ్ళండి, కాదనను. వాళ్ళు డబ్బు తీసుకుని ఇదే మాట చెప్తారు."

వెనక అలమరలో అలాంటి నల్లడబ్బాలు ఆరు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేశాడు. ఒకదాని మీద 'పెళ్ళి', ఇంకోదాని మీద 'థీసిస్', మూడోదాని మీద 'బాబు, ఒకటి నుంచి నాలుగేళ్ళు' అని ఉంది. నేను అటే చూస్తున్నానని గమనించాడు.

"ఏదో సైటువాళ్ళు కళ్ళు మూసుకుని కొనచ్చని రాశారట. వచ్చిన ప్రతివాళ్ళూ అదే చెప్తున్నారు. రాసినాయన ఎవరో గానీ నాకు మాత్రం చేతినిండా పని కల్పించాడు. మీరూ అది చూసే కొన్నారా?"

"మా వదిన కొంది" అన్నాను.

రాసింది నేనేనని చెప్పలేదు.

సెప్టెంబరు 19

ఆ రివ్యూ కింద పాఠకుల కామెంట్లు మొత్తం చదివాను. కామెంట్లకి జవాబులు ఇచ్చే పని నాదే. వారానికోసారి కూర్చుని అన్నిటికీ ఒకేసారి ఇచ్చేస్తుంటాను.

అరవై మూడు. అందులో ఇరవై తొమ్మిది, డిస్కు ఉన్నట్టుండి కనపడకుండా పోతోందని. ఆ ఇరవై తొమ్మిదికీ నా జవాబు ఒకటే, అక్షరం తేడా లేదు. 'కంగారు పడకండి. ఇది కేబుల్ సమస్య. కేబుల్ మార్చి చూడండి. డిస్కుకి ఏమీ కాదు.' ఒకసారి టైపు చేసి పెట్టుకుని, అవసరమైన చోటల్లా అతికించాను. నోటుబుక్కులో ఒక్కసారి జరిగితే దూరమని కొట్టేశాను సరే. ఇక్కడ ఇరవై తొమ్మిదిమంది ఒకే మాట అంటుంటే ఎవరికి ఎవరు దూరం?

ఆగస్టు ఇరవైన ఒకరు 'మాత్రలమ్మ' అనే పేరుతో రాశారు. అది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

'సార్, నమస్తే. డిస్కు వారంలో రెండుసార్లు కనపడకుండా పోయి మళ్ళీ వచ్చింది. వాడకం కాగితం రెండుసార్లు చదివాను, అందులో దీని గురించి లేదు. ఇందులో మా వారి గొంతు ఉంది. ఆపరేషన్ తర్వాత ఇక మాట రాదు కాబట్టి ముందే దాచాం. మళ్ళీ చదివించే వీలు లేదు. నేను ఇవి వేరే దానిలోకి కూడా ఎక్కించి పెట్టుకోవడం మంచిదా? దయచేసి ఉన్నదున్నట్టు చెప్పగలరు.'

కింద నేను: 'కంగారు పడకండి. ఇది కేబుల్ సమస్య. కేబుల్ మార్చి చూడండి. డిస్కుకి ఏమీ కాదు.'

దాని కింద ఆమె: 'ధన్యవాదాలు సార్. మనసు తేలికపడింది.'

మొదటి లైను చూసి అతికించేశాను. రెండో లైను చదివి ఉంటే, ఒక్క రెండో లైను చదివి ఉంటే.

ఆగస్టు ఇరవైన డిస్కు ఇంకా బతికే ఉంది.

సెప్టెంబరు 20

వదిన షాపుకి వెళ్ళాను. భోజనానికి వెళ్ళే వేళ. ఆమె మందులపెట్టెల మీద గడువు తేదీలు చూస్తూ పాతవి ముందుకీ కొత్తవి వెనక్కీ సర్దుతోంది.

"మాత్రలమ్మ నువ్వేనా?"

చేతిలో పెట్టె అలాగే పట్టుకుని ఉండిపోయింది. "చూశావా" అంది.

"రోజూ ఫోనులో మాట్లాడుకుంటాం కదా వదినా. ఎదురుగా ఉన్నవాణ్ణి, నన్ను అడగొచ్చు కదా. సైటులో అడగడం ఏంటి?"

"ఇంట్లో అడిగితే నువ్వు నాకు ధైర్యం చెప్పడానికి చెప్తావు. ఆస్పత్రిలో కూడా అంతే కదా నువ్వు, ఏం కాదు వదినా, ఏం కాదు వదినా అంటూనే ఉంటావు. సైటులో అయితే ఎవరో తెలియనివాళ్ళు అడిగినట్టు ఉంటుంది, నిజం చెప్తావని అడిగాను."

ఆవిడ పెట్టె దాని చోట పెట్టింది.

"నీ జవాబు వచ్చాక రెండో దానిలోకి ఎక్కించడం మానేశాను. ఖాళీ డిస్కు కూడా చూసి పెట్టుకున్నాను ఆ రోజు. మీ అన్నయ్యకి ఈ సంగతి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఆపరేషన్ అయ్యేదాకా చెప్పకు."

సెప్టెంబరు 21

తల పనిచేయడం లేదు.

సెప్టెంబరు 23

ఇంకో మూడు రోజులు.

మాటలు నేర్పే మేడమ్ ఇంటికి వచ్చింది. ఎంత వస్తే అంత ఇప్పుడైనా రికార్డు చేద్దామంది. రోజుకి ఐదు నిమిషాలకి డాక్టరు ఒప్పుకున్నాడట. కొత్త పద్ధతిలో మూడు నాలుగు నిమిషాలు దొరికినా ఒక మోస్తరు గొంతు చేయగలుగుతారట, కానీ గుసగుస పనికిరాదు, లోపలి నుంచి గొంతు పలకాలి. 

అన్నయ్య జాబితా పట్టుకుని చదివాడు. 'ఇవాళ ఆకాశం మబ్బుగా ఉంది.' 'తలుపు దగ్గరగా వేయండి.' 'నాకు రెండు పెన్సిళ్ళు కావాలి.' అన్నీ గాలే. వదిన ఫోను ఆయన నోటిదాకా తెచ్చి పెట్టినా గాలే. పద్నాలుగు వాక్యాలు చదివి దగ్గు వచ్చి ఆగిపోయాడు. మేడమ్ చెవిలో పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపింది.

అన్నయ్యది డ్రైవింగ్ స్కూలు. పద్దెనిమిదేళ్ళుగా కొత్తవాళ్ళ పక్కసీట్లో కూర్చుని, క్లచ్ మెల్లగా వదలండి, తొందరేం లేదు, వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనివ్వండి అంటూ ఉంటాడు. బండి చెట్టుకి ఆనించినవాళ్ళ మీద కూడా ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆయన అరవడం నా ముప్పై ఎనిమిదేళ్ళలో నేను వినలేదు. ఆ నెమ్మదైన గొంతు నమ్ముకుని ఎందరో రోడ్డెక్కారు. అదే నా నోటుబుక్కులో అడ్డగీత కింద పోయింది.

సెప్టెంబరు 24

చెప్పేశాను. వదిన వద్దంది, అయినా చెప్పేశాను.

వెనకగదిలో రికార్డింగుకి కూర్చున్నాం. దుప్పట్లు ఇంకా కిటికీలకే ఉన్నాయి. వదిన ఫోను బల్ల మీద పెట్టి మీట నొక్కింది. అన్నయ్య జాబితా తీసుకుని, మొదలుపెట్టబోతూ నన్ను చూసి, అట్ట మీద రాశాడు: నీ మొహం ఏంటి అలా ఉంది? డిస్కు పోతే నువ్వేం చేస్తావు. వదిలేయ్.

వదిలేయ్ అన్న మాట దగ్గర నాకు ఆగలేదు. నోటుబుక్కు సంగతి చెప్పాను. స్కేలు పెట్టి కొట్టిన గీత చెప్పాను. షాపులో ఆరు డబ్బాలు చెప్పాను. ఇరవై తొమ్మిది జవాబులు చెప్పాను. వదిన నా చెయ్యి పట్టుకుని లాగుతున్నా, మాత్రలమ్మ సంగతి కూడా చెప్పాను.

అన్నయ్య అట్ట పక్కన పెట్టాడు. తర్వాత గొంతు వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

"తొమ్మిది పాయింట్ రెండా? ఆ రెండు దేనికిరా? ఆ పాయింటు దేనికిరా? మూడోసారి మాయమైపోయిన దానికి పాయింట్లు కూడానా? నా దగ్గర ఒకడు బండి నేర్చుకుంటున్నాడు. రెండుసార్లు బాగా తిప్పాడు. మూడోసారి గోడకి గుద్దాడు. నేనేం చేయాలి? ఆ గోడ లెక్కలోకి రాదని కొట్టేసి, మిగతా రెండూ కలిపి మార్కులేసి, రోడ్డు మీదకి వదలాలా? గుద్దాడంటే గుద్దాడే. ఎందుకు గుద్దాడో తెలిసేదాకా వాడికి మార్కుల్లేవు. సీటు బాగుంది, హారన్ బాగుంది, అద్దాలు తళతళలాడుతున్నాయి, బ్రేకు ఒక్కటి పడదు. ఐదింటినీ కలిపి ఐదుతో భాగిస్తావా? బ్రేకు పడకపోతే మిగతావి ఎందుకురా?"

"అన్నయ్యా, మాట్లాడకు. డాక్టరు..."

"నోరు ముయ్. జనం నిన్ను అడుగుతున్నది ఏంటి? కొనాలా, వద్దా. కొంటే ఏం పోవచ్చు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి పెట్టారు నిన్ను. పదకొండు రోజులు చూసి బతుకంతా నిశ్చింత అని రాస్తావా? పదకొండు రోజులే చూశాను, ఆపైన నాకు తెలీదు అని రాస్తే నీ సొమ్మేం పోయింది? ఇరవై తొమ్మిదిమంది చెప్తే వినపడలేదా? వాళ్ళు వాడుతున్నార్రా. నువ్వు చూసి తిరిగి ఇచ్చేశావు, వాళ్ళు వాడుతున్నారు. ఎవడి మాట ముందు వినాలి? అది రాసింది మీ వదిన. నా గొంతు ఉంది అందులో అని రాసింది. ఉన్నదున్నట్టు చెప్పమని రాసింది. చదవలేదు నువ్వు. చదవనే లేదు. సిగ్గులేదట్రా నీకు?"

ఇంకా చాలా అన్నాడు. అన్నీ రాయలేను. చివర దగ్గు తెర వచ్చి వంగిపోయాడు. తువాలు మీద ఎర్రటి మచ్చ పడింది. నేను గోడకి ఆనుకుని ఏడుస్తున్నాను.

వదిన ఒక్కతే కదలకుండా ఫోను వైపు చూస్తోంది. మీట నొక్కి ఆపింది. వెనక్కి జరిపి వినిపించింది. 'తొమ్మిది పాయింట్ రెండా? ఆ రెండు దేనికిరా?' అన్నయ్య గొంతు. గాలి కాదు, బొంగురు కాదు, నిండుగా, గది అదిరేలా.

"వచ్చింది" అంది వదిన. "మీ అన్నయ్య గొంతు ఒక్కటే నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు."

అన్నయ్య నోరు తెరుచుకుని విన్నాడు. తను అరవగలనని ఆయనకి కూడా తెలిసినట్టు లేదు. ఇంకోసారి పలకబోతే గాలి తప్ప రాలేదు. వదిన అక్కడే కూర్చుని ఆ ఫైలుని ల్యాప్‌టాప్‌లోకి, రెండు వేరే వేరే డిస్కుల్లోకి, మేడమ్‌కి, తన చెల్లెలికి పంపింది. ఏది మంచిదని నన్ను అడగలేదు.

సెప్టెంబరు 25

పాత రివ్యూ పేజీలో అదే చోట కొత్తది పెట్టాను. ఎడిటరుని అడగలేదు.

మార్కు లేదు. పైన మొదటి వాక్యం, 'ఇది కొనకండి, కొన్నవాళ్ళు ఇవాళే వేరే చోటికి ఎక్కించుకోండి.' దాని కింద నోటుబుక్కు పేజీ ఫొటో, కొట్టేసిన గీతతో సహా. ఇరవై తొమ్మిది ఫిర్యాదులు, నేను ఇచ్చిన ఒకే ఒక్క జవాబు. ఎన్ని రోజులు చూశానో, ఏవి చూడలేదో. రెండో కాపీ వద్దన్నది నేనేనని, ఆ మాట విని ఒకరు పోగొట్టుకున్నది తిరిగి రాదని.

ఎడిటరు మధ్యాహ్నం పిలిచాడు. అరుస్తాడనుకున్నాను. "ఇక మన మార్కులు ఎవరు నమ్ముతారు?" అన్నాడు నీరసంగా. 

"నాకూ తెలియదు సార్" అన్నాను. తెలియకనే అన్నాను. పేజీ తీయించలేదు. నా ఉద్యోగం సంగతి వచ్చే వారం మాట్లాడతాడట.

సాయంత్రానికి నాలుగు వందలమంది రాశారు. సగం బూతులు. అన్నీ రెండో లైను దాకా చదువుతున్నాను.

సెప్టెంబరు 26

పొద్దున్న ఏడింటికి లోపలికి తీసుకెళ్ళారు. తలుపు దగ్గర వదిన చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడలేదని వదిన అంది.

సెప్టెంబరు 27

బతికాడు. మెడకి కట్టు. కళ్ళతో పలకరించాడు వదినని. నన్ను చూసి కళ్ళు మూసుకున్నాడు. మత్తు ఇంకా దిగలేదని నర్సు అంది.

అక్టోబరు 2

నన్ను చూసి మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు. మత్తు ఎప్పుడో దిగిపోయింది.

అక్టోబరు 15, బుధవారం

కంపెనీ నుంచి గొంతు వచ్చిందని వదిన ఫోన్ చేసింది. ఆఫీసు నుంచి తిన్నగా వెళ్ళాను. అన్నయ్య నాకు ఒక్క మాటైనా రాసి చూపించి మూడు వారాలైంది.

భోజనాల బల్ల మీద ట్యాబ్. మేడమ్ పక్కన నిలబడి ముందుగానే చెప్పింది, కంపెనీవాళ్ళు చేతనైనంత చేశారనీ, అయితే వాళ్ళ చేతికి వచ్చింది ఒకే రకం మాట కాబట్టి ఏది పలికినా ఆ తీరులోనే వస్తుందనీ. తగ్గించడానికి చూశారట, తగ్గిస్తే ఎవరి గొంతో అయిపోయిందట. అందుకని అలాగే ఉంచమని వదిన చెప్పిందట.

అన్నయ్య మెల్లగా ఒక్కో అక్షరం నొక్కాడు. 'మంచినీళ్ళు' అంది ట్యాబ్. అన్నయ్య గొంతే, అచ్చం అన్నయ్య గొంతే, కొట్టడానికి వస్తున్నట్టుగా. వదిన గ్లాసు అందుకోబోయి చేత్తో నోరు మూసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. 'ఫ్యాను వెయ్యి' అని ట్యాబ్ గద్దించింది. 'మేడమ్‌కి కుర్చీ వెయ్యి' అని మండిపడింది. ఆయన ప్రతి మాటకీ ఉలిక్కిపడుతూ ట్యాబ్ వైపు తనే బిత్తరపోయి చూస్తున్నాడు. ఇకమీద స్కూలుకి వచ్చేవాళ్ళని కూడా ఈ గొంతుతోనే మెల్లగా వెళ్ళమనాలి. జీవితమంతా ఎవరినీ ఒక్క మాట అననివాడికి నేను ఇప్పించిన గొంతు ఇది.

నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. అన్నయ్య తలెత్తి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల వంచి టైపు చేశాడు.

'తిన్నావా?' అని ఇల్లు దద్దరిల్లేలా అరిచింది.

తిన్నానని చెప్పబోయాను. "లేదు" అన్నాను.

ఆయన ఇంకో మాట నొక్కాడు. 'కూర్చో' అని గదమాయించింది ఆ గొంతు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.